యాక్సిల్ బూటు: దాని పనియు, దానిని బిగించు విధమును

మోటారుకారునందలి ఇంజను, గేరుబాక్సు మొదలగు పెద్ద భాగములను గూర్చి మన విద్యార్థులలో పలువురకు కొంత తెలియును. కాని ముందు చక్రముల వెనుక, బురదయు దుమ్మును ఎల్లప్పుడు పడుచోట, ముడుతలు ముడుతలుగా నుండు నల్లని రబ్బరు తొడుగు నొకదానిని చూపి, ఇది యెందులకని యడిగినచో చెప్పగలవారు మిక్కిలి తక్కువ. పనివారు దానిని యాక్సిల్ బూటు అందురు. దాని వెల కొన్ని వందల రూపాయలు. అది కాపాడు కీలు వెల కొన్ని వేలు. ఆ తొడుగును రెండు చివరల పట్టియుంచు సన్నని లోహపు పట్టీల వెల యింకను స్వల్పము. అయినను పట్టీ సరిగా బిగింపబడనియెడల బూటు నిలువదు. బూటు నిలువనియెడల కీలు నిలువదు. కీలు నిలువనియెడల కారు నడువదు.

ఈ బూటు చినిగినప్పుడు క్రొత్తది వేయుట కష్టమైన విద్య కాదు. తగిన పనిముట్లును, ఒక పూట తీరికయు, ఓర్పును గల గృహస్థుడు తన యింటి ముందరనే దానిని చేసికొనవచ్చును. అయితే ఈ పనిలో చెడునది తఱుచుగా విప్పుటలో కాదు, బిగించుటలోనే. కావున బూటు ఏల యున్నదో, ఏల చినుగునో, దానిని కదలకుండ నెట్లు బిగింపవలయునో క్రమముగా వివరించెదను.

ఇరుసు వంగవలసిన యవసరము

మన యెడ్లబండి యిరుసు వంపులేని కడ్డీ. బరువు మోయుటయే దాని పని. చక్రములు దానిపై తిరుగునే కాని అది చక్రములను త్రిప్పదు. మోటారుకారునం దట్లు కాదు. ఇంజను పుట్టించు శక్తిని చక్రమునకు చేర్చి దానిని త్రిప్పవలసినది ఇరుసే. మన దేశమున చిరకాలము నడచిన అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కారులలో ఈ శక్తి వెనుక చక్రములకు పోవుచుండెను. వెనుక చక్రములు కుడియెడమలకు మళ్లవు గనుక వాని యిరుసులు ఒక గట్టి గొట్టములో తిన్నగా నుండిన చాలెను. 1983వ సంవత్సరము డిసెంబరు నెలలో మారుతి 800 కారు వచ్చెను. దానిలో ఇంజను శక్తి ముందు చక్రములకే పోవును. నేడు మన వీధులలో కనబడు చిన్న కారులలో అధికభాగ మీ విధమైనవే. విద్యుత్తుతో నడచు కారులలో సైతము మోటారునుండి చక్రమునకు శక్తిని చేర్చుటకు ఇట్టి షాఫ్టులే యుండును.

ఇట్టి కారు ముందు చక్రమునకు మూడు పనులు గలవు. అది షాఫ్టునుండి శక్తిని గ్రహించి తిరుగును. స్టీరింగు త్రిప్పినప్పుడు కుడికిని ఎడమకును మళ్లును. గుంటలు వచ్చినప్పుడు మీదికిని క్రిందికిని ఊగును. కావున దానిని త్రిప్పు షాఫ్టు తిరుగుచునే వంగవలెను. వంగుచునే కొంత పొడవు హెచ్చి తగ్గవలెను. ఇనుపకడ్డీ వంగదు. అందుచేత దానికి రెండు చివరల రెండు కీళ్లు పెట్టిరి. మన చేతికి మోచేయి, మణికట్టు ఉన్నట్లే యని తలంపవచ్చును.

వంగుచు తిరుగు కీలు క్రొత్త సంగతి కాదు. 17వ శతాబ్దమున ఇంగ్లాండులో నుండిన రాబర్టు హుక్ పేరుతో నేటికిని ఒక కీలు ప్రసిద్ధమై యున్నది. రెండు షాఫ్టుల కొనల నడుమ సిలువ యాకారపు ముక్క నొకదానిని అమర్చుటయే దాని యేర్పాటు. లారీల క్రింద పొడవుగా తిరుగు షాఫ్టునకు ఇట్టి కీళ్లే యుండును. కాని దానియం దొక లోపము కలదు. వంపు హెచ్చినకొలది రెండవ షాఫ్టు సమముగా తిరుగదు. 40 డిగ్రీల వంపులో మొదటి షాఫ్టు ఏకరీతిగా తిరుగుచున్నను, రెండవదాని వేగము ఒక్కొక్క చుట్టులో రెండేసి మారులు నూటికి 77 పాళ్లకు తగ్గి, 130 పాళ్లకు హెచ్చును. ముందు చక్రములకు దీనిని పెట్టినచో, మలుపు తిరుగునప్పుడెల్ల బండి కుదుపులు పడవలసినదే.

ఈ లోపమును తీర్చిన కీళ్లలో ప్రసిద్ధమైనదానిని 1920 తరువాతి దశాబ్దమున ఆల్ఫ్రెడ్ ర్జెప్పా అను ఇంజనీరు కల్పించెను. గిన్నెవంటి వెలుపలి భాగమునందును, దానిలో నిమిడిన లోపలి భాగమునందును వంపుగాడులు చెక్కి, ఆ గాడుల నడుమ ఆఱు ఉక్కుగుండ్లను నిలిపెను. షాఫ్టు ఎంత వంగినను, ఆ వంపును సరిగా రెండు సమభాగములుగా చేయు తలమునందే గుండ్లు నిలుచును. అందుచేత రెండు వైపుల వేగమును సమానముగ నుండును. దీనినే సమవేగపు కీలు, పనివారి మాటలో సీవీ జాయింటు, అందురు. 1959లో ఇంగ్లాండున వెలువడిన మినీ యను చిన్న కారు ఇట్టి కీలుతోనే నడచెను. నేటి కారులలో చక్రమువైపున తఱుచుగా ఈ గుండ్ల కీలును, గేరుబాక్సువైపున మూడు రోలర్లు గలిగి లోపలికి వెలుపలికి జరుగు మఱియొక కీలును ఉండును.

బూటు చేయు కాపుదల

ఇరుసునకు కందెన వలయునన్న సంగతి మన పల్లెలలో పసివారును ఎఱుగుదురు. బండివాడు కందెన తఱిగినప్పుడెల్ల మఱల వేయుచుండును. సీవీ జాయింటునకు అట్టి వీలు లేదు. దానికి ఒకసారి వేసిన గ్రీజు ఏండ్లతరబడి నిలువవలెను. ఉక్కుగుండ్లు గాడులలో మిక్కిలి యొత్తిడితో రాయుచు కదలుచుండును. నడుమ సన్నని గ్రీజు పొరయే వానిని కాపాడుచున్నది. దానిలో ఇసుక చేరినచో గ్రీజు గ్రీజుగా నుండక సానరాతిముద్దగా మాఱును. ఆ గ్రీజును లోపల నిలుపుటయు, ఇసుకను నీటిని వెలుపల నిలుపుటయు బూటు పని.

ఇది సామాన్యమైన పని కాదు. లెక్క వేసి చూడుడు. చిన్న కారు చక్రపు వ్యాసము 51 సెంటీమీటర్లనుకొందము. దాని చుట్టుకొలత సుమారు 1.6 మీటర్లు. ఒక కిలోమీటరు దూరమునకు చక్రము 625 మారులు తిరుగును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున, అనగా నిమిషమునకు ఒక కిలోమీటరు పోవునప్పుడు, చక్రముతోపాటు బూటును సెకనునకు పదిమారులకు పైగా తిరుగుచుండును. కేంద్రమునకు 4 సెంటీమీటర్ల దూరమునందున్న గ్రీజుకణమును ఈ భ్రమణము భూమ్యాకర్షణకు సుమారు 17 రెట్ల బలముతో వెలుపలికి విసరును. వెండ్రుకవాసి చీలిక దొరికినను ఆ గ్రీజు బయటికి దూకుట కిది చాలదా? దీనికితోడు చక్రము మళ్లినప్పుడెల్ల బూటు ముడుతలు ఒక ప్రక్క సాగి మఱియొక ప్రక్క నొక్కుకొనును. హార్మోనియము తిత్తి ముడుతలను చూచినవారి కీ సంగతి తేలికగా బోధపడును. ఆ తిత్తి మందిరములో ఆరాధన జరుగునంతసేపే కదలును. బూటు ముడుతలు బండి నడచినంతసేపును ఊరకుండవు.

బూటులు రెండు తెఱగుల పదార్థములతో చేయబడుచున్నవి. ఒకటి నియోప్రీను అను కృత్రిమ రబ్బరు. ఇది 1930లో అమెరికాలోని డ్యూపాంటు ప్రయోగశాలలో కనుగొనబడినది. నూనెకు ఇది సామాన్య రబ్బరువలె ఉబ్బిపోదు. రెండవది రబ్బరువలె వంగు గట్టి ప్లాస్టికు. వ్రేలితో నొక్కినచో మొదటిది మెత్తగాను, రెండవది బిరుసుగాను తోచును. ఈ భేదము పట్టీ బిగించునప్పుడు ముఖ్యమగును గనుక గుఱుతుంచుకొనవలెను.

చెడిన గుఱుతులు

వయస్సు, ఎండ, గాలిలోని ఓజోను, ఎగిరిపడు రాళ్లు, ఎలుకల కొఱుకుడు, పట్టీ వదులగుట అనునవి బూటు పాడగుటకు కారణములు. ఏటికి రెండు మారులైనను స్టీరింగును ఒక వైపునకు పూర్తిగా త్రిప్పి, ఇంజను నాపి, దీపము పట్టుకొని ముడుతల నడుమ చూడవలెను. చక్రపు లోపలిప్రక్క నల్లని గ్రీజు చుక్కలు వరుసగా చిమ్మి యున్నచో బూటు చినిగినదనియో, పట్టీ వదులైనదనియో తెలియవలెను.

మలుపు తిరుగునప్పుడు చక్రమునొద్ద టకటకమని చప్పుడు వినబడినచో వ్యాధి ముదిరినది. గాడులు అరిగినవి. అప్పుడు క్రొత్త బూటు వేయుట వృథా, కీలునే మార్చవలెను. చప్పుడు లేక, చినుగు ఇటీవలిదై, గ్రీజులో ఇసుక చేరనప్పుడు మాత్రమే బూటు మార్చుటవలన ప్రయోజనము. కొన్ని వందలతో పోవు పనిని వేలకు తెచ్చునది ఈ నడిమి కాలపు ఉపేక్షయే. ఉపేక్షించిన కీలు కడపట విఱిగినచో రెండవ చక్రము బాగుగ నున్నను కారు కదలదు. ఏలయన, గేరుబాక్సులోని యేర్పాటుచేత తిరుగుడు అంతయు విఱిగిన ప్రక్కకే వ్యర్థముగా పోవును. రాత్రివేళ ప్రయాణములో, రోగినో పిల్లలనో తీసికొని పోవునప్పు డట్లు జరిగిన నెంత యిబ్బందియో తల్లిదండ్రులకు చెప్పనక్కరలేదు.

పనికి ముందు జాగ్రత్తలు

మొదట ప్రాణమును గూర్చి చెప్పవలెను. జాకీ బండిని ఎత్తుటకే కాని ఎత్తి నిలుపుటకు కాదు. జాకీమీద మాత్రమే నిలిచిన కారు క్రిందికి ఎవరును, ఎంతటి స్వల్పమైన పనికైనను, తల దూర్చరాదు. గట్టి చప్టాపై కారును నిలిపి, హాండుబ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందువెనుకల దిమ్మెలు పెట్టి, ఎత్తిన పిమ్మట ఇనుప స్టాండ్లపై దించవలెను. ఇటుకలు పేర్చుట ప్రమాదకరము. అవి చెప్పక పగులును. విద్యార్థులు పెద్దలు దగ్గఱ లేక ఈ పనికి పూనుకొనరాదు. దీపము పట్టుట, పనిముట్లు అందించుట, విప్పిన నట్లను వరుసగా పళ్లెములో పెట్టుట వారి పని. దానివలన నేర్చుకొనునది తక్కువ కాదు.

చక్రపు నడుమనున్న యాక్సిల్ నట్టు మిక్కిలి బిగువుగ నుండును. చక్రము నేలపై నుండగనే, నట్టు అంచున నొక్కిన భాగమును పైకి లేపి, నట్టును వదులు చేయవలెను. ఎత్తిన పిదప దానిని విప్పబోయినచో బండి కదలి స్టాండుపైనుండి జాఱవచ్చును. నట్టు వదులైన తరువాత బండిని దొర్లింపరాదు. చక్రపు బేరింగు పాడగును.

బూటు కొనునప్పుడు మన కారు రకమునకు సరిపడునదే కొని, దానితో రెండు పట్టీలు, గ్రీజు పొట్లము, క్రొత్త సర్క్లిప్పు, క్రొత్త యాక్సిల్ నట్టు ఉన్నవో లేవో చూచుకొనవలెను. గ్రీజు మాలిబ్డినము గలిగిన నల్లని సీవీ గ్రీజు కావలెను. ఇంటిలో మిగిలిన యే గ్రీజైనను సరిపోవుననుట పొరపాటు.

కీలు విప్పుట, శుభ్రపఱచుట

చక్రము తీసి, నట్టు విప్పి, బ్రేకు కాలిపరును విప్పవలసివచ్చినచో దానిని తీగెతో స్ప్రింగునకు కట్టి వ్రేలాడదీయవలెను. బ్రేకు గొట్టముపై దాని బరువు పడరాదు. తరువాత లోయర్ ఆర్మునొద్ద బాల్ జాయింటును విడదీసి, హబ్బును వెలుపలికి లాగినచో షాఫ్టు కొన హబ్బులోనుండి వెడలివచ్చును. షాఫ్టును పట్టి లాగరాదు. లోపలి కీలులోని రోలర్లు ఊడిపోవును. షాఫ్టును గేరుబాక్సునుండి పూర్తిగా తీయవలసివచ్చినచో నూనె కారును గనుక క్రింద పాత్ర నుంచవలెను.

పాత పట్టీలను కోసి, బూటును చీల్చి తీసిన పిమ్మట, కొన్ని కారులలో గుండ్ల కీలు లోపలి భాగమును ఇత్తడి కడ్డీతో కొట్టగా సర్క్లిప్పు నొక్కుకొని, కీలు షాఫ్టునుండి ఊడివచ్చును. మఱికొన్ని కారులలో వెలుపలి కీలు షాఫ్టునుండి విడదీయరానిది. అట్టివానిలో గేరుబాక్సువైపు కీలు విప్పి, ఏ భాగ మెటు నుండెనో గుఱుతులు పెట్టి, ఆ చివరనుండి క్రొత్త బూటును జరుపుకొని రావలెను. ఏ విధమైనదో ముందుగా కారువారి మరమ్మతు పుస్తకమున చూచుకొనుట మేలు. ఊడనిదానిని సుత్తితో జయింప జూచుట తగదు.

పాత గ్రీజును గుడ్డపేలికలతో తీసి, కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆఱనీయవలెను. గుండ్లను గాడులను వెలుతురులో పరీక్షింపవలెను. నునుపుగా మెఱయుచున్నచో మంచిది. గోరు తగులు గుంటలున్నచో ఆ కీలు పనికిరాదు. పిదప గ్రీజును గుండ్ల నడుమ వ్రేలితో లోతుగా కూరి, మిగిలినది బూటులో పెట్టవలెను. పొట్లములో నిచ్చినదే ఆ కీలుకు తగిన కొలత. హెచ్చు వేసిన నేమి యనరాదు. హెచ్చిన గ్రీజు బూటును ఉబ్బించి పట్టీని త్రోయును.

క్రొత్త బూటు తొడుగుటకు ముందే చిన్న పట్టీని షాఫ్టుపై వేసికొనవలెను. షాఫ్టు చివరనున్న పండ్లపై టేపు చుట్టి, దానిమీదుగా బూటును జరుపవలెను. లేనిచో ఆ పండ్లు బూటు లోపలి పెదవిని కోయును. ఆ కోత కంటికి కనబడదు, గ్రీజు కారినప్పుడే తెలియును. తరువాత టేపు తీసి, క్రొత్త సర్క్లిప్పు వేసి, కీలును షాఫ్టుపై పెట్టి మెత్తని సుత్తితో కొట్టగా క్లిప్పు తన గాడిలో పడును. ఒకసారి గట్టిగా లాగి, కీలు ఊడదని రూఢి చేసికొనవలెను.

పట్టీలు బిగించుట

ఇదియే ఈ పనికి ప్రాణము. ఆవకాయజాడికి వాసెన కట్టు స్త్రీలను చూడుడు. వారు ముందుగా జాడి మెడను పొడిగుడ్డతో తుడుతురు. గుడ్డను ముడుతలేక సమముగా పఱతురు. త్రాడును మెడ గాడిలో పడునట్లు చుట్టుదురు. నూనె మెడపై త్రాడు జాఱునని వారికి ఎవరును చెప్పనక్కరలేదు. బూటు బిగించుటలో గల సూత్రములు ఇవియే.

మొదటిది, శుభ్రత. బూటు పెదవి లోపలను, అది కూర్చుండు గాడిలోను గ్రీజు తడి యేమాత్రము ఉండరాదు. గ్రీజు కీలులో నుండవలసినదే కాని పెదవి క్రింద నుండినచో బూటు గాడినుండి జాఱును. చేతులు కడిగికొని, క్రొత్త గుడ్డతో రెంటిని తుడిచి, అప్పుడు పెదవిని గాడిలో కూర్చుండబెట్టవలెను. పెదవి లోపలి గట్టు షాఫ్టుపై గాడిలో పడెనో లేదో చుట్టును వ్రేలితో తడవి చూడవలెను.

రెండవది, మెలిక లేకుండుట. బూటును మెలిత్రిప్పి బిగించినచో ముడుతలు ఒకదానిపై నొకటి రాయుచు కొద్ది మాసములలో చినుగును. ముడుతలన్నియు సమదూరమున నున్నవా యని చుట్టును చూచి, ఎచ్చటనైన ఈడ్చుకొనినచో బిగింపకముందే సరిచేయవలెను.

మూడవది, గాలి తీయుట. ముందు పెద్ద పట్టీని బిగించి, కీలును తిన్నగా నుంచి, చిన్న పెదవి క్రింద మొద్దు కొన గల స్క్రూడ్రైవరును మెల్లగా దూర్చి యెత్తవలెను. లోపల చిక్కుకొనిన గాలి వెడలిపోవును. బూటు తన సహజరూపమునకు వచ్చును. గాలి హెచ్చుగ నున్నచో కీలు వేడెక్కినప్పుడు అది వ్యాకోచించి బూటును ఉబ్బించును. బూటు లోనికి పీల్చుకొని యున్నచో ముడుతలు షాఫ్టునకు కీలునకు నడుమ నలుగును. లోపలి కీలు బూటునకు ఇంకొక నియమము గలదు. ఆ కీలు జరుగునది గనుక, మరమ్మతు పుస్తకమున చెప్పిన పొడవున దానిని నిలిపి పట్టీ బిగింపవలెను.

నాలుగవది, బిగువు. ఇందులో కొంత భౌతికశాస్త్రము కలదు. మీ చిటికెన వ్రేలికి దారము చుట్టి లాగిన నొప్పి కలుగును. అదే దారమును అంతే బలముతో మోకాలికి చుట్టి లాగిన అంత నొప్పి లేదు. కారణమేమనగా, చుట్టిన పట్టీ లోపలికి నొక్కు ఒత్తిడి దాని లాగుడునుబట్టి హెచ్చును, వ్యాసార్ధమునుబట్టి తగ్గును. బూటు పెద్ద చివర వ్యాసార్ధము 40 మిల్లీమీటర్లు, చిన్న చివరది 12 మిల్లీమీటర్లు అనుకొందము. పట్టీల వెడల్పు సమానమైనచో ఒకే లాగుడు చిన్న చివర మూడు రెట్లకు మించిన ఒత్తిడి నిచ్చును. కావున పెద్ద పట్టీని లాగిన బలముతోనే చిన్నదానిని లాగినచో మెత్తని రబ్బరు తెగవచ్చును. చిన్నదానికి చాలిన బలము పెద్దదానికి చాలకపోవచ్చును. నియోప్రీను బూటునకు తక్కువ బిగువు, గట్టి ప్లాస్టికు బూటునకు ఎక్కువ బిగువు కావలెను. బిగించిన పట్టీని బొటనవ్రేలితో త్రోసినప్పుడు అది బూటుపై తిరుగరాదు. అయినను దాని అంచుల ప్రక్క రబ్బరు పొంగరాదు. పుస్తకమున కొలత చెప్పియున్నచో ఆ కొలతయే ప్రమాణము.

పట్టీలు రెండు విధములు. చెవి గలవి మొదటి విధము. వీని చెవిని దానికై చేసిన పట్టకారుతో నొక్కి దగ్గఱ చేయుదురు. సామాన్యపు కటింగ్ ప్లేయరుతో నొక్కినచో చెవి ప్రక్కకు వాలును, లేదా తెగును. తోక గలవి రెండవ విధము. తోకను లాగి, వెనుకకు మడచి, కొక్కెముల క్రింద అణచవలెను. మడత కారు ముందునకు పోవునప్పటి భ్రమణమునకు ఎదురుగా నుండవలెనని కొందఱు తయారుదారులు చెప్పుదురు. ఏ విధమైనను చెవిగాని తోకగాని ప్రక్కనున్న భాగములకును, చక్రవేగమును కనిపెట్టు తీగెకును తగులకుండునట్లు చూడవలెను.

పట్టీకి మారుగా ప్లాస్టికు కట్టులు వేయుట మన ప్రాంతమున తఱుచుగా చూచుచున్నాము. మా యెఱుకలోని యొక కుటుంబమువారి కారునకు ఒక మరమ్మతు దుకాణములో మంచి బూటే వేసి, పట్టీకి బదులుగా ఇట్టి కట్టు వేసిరి. ఎండకాలము గడవకముందే అది సాగి, బూటు జాఱి, గ్రీజంతయు పోయెను. బూటు చినుగలేదు, అయినను కీలు పోయెను. కట్టునకు తాళమున్న చోట వలయము గుండ్రముగ నుండదు, అచ్చట సందు మిగులును. వేడికి అది సాగును. దారిలో నిలిచిపోయినప్పుడు ఇల్లు చేరుటకు మాత్రమే అది పనికివచ్చును. నీటిగొట్టములకు వేయు స్క్రూ క్లిప్పును తగదు. దాని బరువంతయు ఒక ప్రక్కనే యుండును. దాని చీలికలు రబ్బరును కోయును.

షాఫ్టు విప్పకుండ వేయుటకు వీలుగా చీల్చి, జిగురుతో అతుకు బూటులును దొరకును. అతుకునకు ఒక చుక్క గ్రీజు తగిలినను అది నిలువదు. అత్యవసరమున తప్ప వానిని నమ్ముకొనరాదు.

మఱల కూర్చుట, పరీక్షించుట

విప్పిన క్రమమునకు ఎదురు క్రమమున కూర్పవలెను. షాఫ్టు పండ్లను హబ్బులో దూర్చి, బాల్ జాయింటును, కాలిపరును బిగించి, చక్రము వేసి, కారును దించిన పిమ్మట క్రొత్త యాక్సిల్ నట్టును టార్కు స్పానరుతో బిగింపవలెను. 60 కిలోల మనుష్యుడు 30 సెంటీమీటర్ల పొడవుగల స్పానరు చివర నిలుచుండినచో సుమారు 177 న్యూటన్ మీటర్ల బిగువు కలుగును. చిన్న కారుల నట్టునకు ఇట్టి బిగువే కావలసియుండును గనుక చేతివాటముతో సరిపెట్టుకొనరాదని గ్రహింపవచ్చును. సరియైన సంఖ్య ఆ కారు పుస్తకమున నుండును. తరువాత నట్టు అంచును షాఫ్టు గాడిలోనికి నొక్కవలెను. నూనె కారియున్నచో గేరుబాక్సులో మఱల పోయవలెను. చక్రపు నట్లను ఇద్దఱు వేఱువేఱుగా పరీక్షించుట మంచిది.

దించకముందే స్టీరింగును ఇరుప్రక్కల పూర్తిగా త్రిప్పి, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు, ముడుతలు దేనికిని తగులలేదని చూడవలెను. బూటుపై అంటిన గ్రీజును శుభ్రముగా తుడిచివేయవలెను. అట్లు చేయనిచో తరువాత కనబడు మరక పాతదో క్రొత్తదో తెలియదు. 50 కిలోమీటర్లు నడిపిన తరువాత ఒకసారి, నెలకు మఱియొకసారి పట్టీల ప్రక్క చూడవలెను. పొడిగ నున్నచో పని ఫలించినది. తీసిన పాత గ్రీజును, కిరసనాయిలును కాలువలో పోయక డబ్బాలో పెట్టి, పాత నూనె కొనువారి కీయవలెను. మన కాలువ నీరు పొరుగువాని చేనికి పోవుచున్నది.

ముగింపు

బూటు సరిగా బిగించిన కారునకును, వదులుగా బిగించిన కారునకును మొదటి దినమున భేదము కనబడదు. రెండును సమానముగ నడచును. చేసినవాని పనితనము చక్రము చాటున, బురద క్రింద దాగియుండును. కాలమే దానిని బయలుపఱచును. మనుష్యుల కంటికి కనబడని చోట చేయు పనియందే మన నమ్మకత్వము తెలియుచున్నది. శరీరములో బలహీనములుగా తోచు అవయవములే మిక్కిలి అవసరమైనవని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతి మన మందిరములలో పలుమారులు చదువబడుచున్నది. ఇనుప యంత్రమునందును ఆ న్యాయమే కనబడుచున్నది. గట్టి ఉక్కుకీలు మెత్తని రబ్బరును నమ్ముకొని యున్నది. ఆ రబ్బరు వ్రేలి వెడల్పైనను లేని పట్టీని నమ్ముకొని యున్నది.

కావున, విద్యార్థులారా, మీ యింటనో పొరుగింటనో ఇట్టి పని జరుగునప్పుడు దగ్గఱ నిలిచి చూడుడు, దీపము పట్టుడు, గాడిని తుడుచుటకు శుభ్రమైన గుడ్డను మీరే అందింపుడు. తల్లిదండ్రులారా, కారును మరమ్మతు దుకాణమునకే పంపినను, తిరిగి వచ్చిన పిమ్మట ఒక్క నిమిషము వంగి ఆ రెండు పట్టీలను చూడుడు. ఆ నిమిషమున మీరు కాపాడునది వేల రూపాయల కీలును మాత్రమే కాదు, ఆ కారులో ప్రయాణము చేయు మీ బిడ్డల క్షేమమును కూడ.